ఎర్రర్ సందేశం కూడా తెలుగులోనే పుట్టాలి: ఆన్‌లైన్ ఫారాలు తయారుచేసేవారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన డెవలపర్లకు, అధికారులకు నమస్కారం.

ప్రజలు నింపే ఆన్‌లైన్ ఫారాలను తయారుచేసే వెబ్ డెవలపర్లను, ఆ పనులను అప్పగించి, పరీక్షించి, ఆమోదించే అధికారులను ఉద్దేశించి తిరుపతి నుంచి ఈ లేఖ రాస్తున్నాను. నేనూ మీలాగే ఫారాలు తయారుచేసి బతికేవాడినే. నేను అడగబోయేది ఒక్కటే. ఫారంలోని గడిని ఎవరైనా తప్పుగా నింపినప్పుడు కనిపించే ఎర్రర్ సందేశాన్ని ప్రాజెక్టు ముగిసే సమయంలో అనువాదకుడికి పంపే ఎక్సెల్ షీట్‌కు వదిలేయకుండా, ఆ గడికి వాలిడేషన్ నియమం (రాసింది సరైనదో కాదో తేల్చే నియమం) రాసే రోజునే, ఆ నియమం పక్కనే, నిండు తెలుగు వాక్యంగా రాయండి. ఇది ఎందుకు అవసరమో, చివర్లో చేస్తే ఎందుకు చెడుతుందో వివరంగా చెప్పడానికే ఈ లేఖ.

ఫారం శీర్షిక, గడుల పేర్లు, ‘సమర్పించండి’ అనే బటన్ తెలుగులో ఉండి, ఆ బటన్ నొక్కగానే ఎర్రటి అక్షరాల్లో ఇంగ్లీషు వాక్యం ప్రత్యక్షమయ్యే ఫారాలు ఇప్పుడు కొల్లలుగా ఉన్నాయి. తయారుచేసినవారిని అడిగితే సైటు తెలుగులోనే ఉందంటారు. అది అబద్ధమేమీ కాదు, కానీ తెలుగు అన్నిటికంటే ఎక్కువగా అవసరమయ్యేది ఆ ఎర్ర వాక్యం దగ్గరే. అన్నీ సరిగ్గా నింపినవారికి ఆ వాక్యం ఎప్పటికీ కనిపించదు. ఎక్కడో చిక్కుకుని, ముందుకు ఎలా పోవాలో తెలియనివారే దాన్ని చదువుతారు. గడి పేరు ఇంగ్లీషులో ఉన్నా చేతిలోని ఆధార్ కార్డునో బ్యాంకు పాస్‌బుక్కునో చూసి ఊహించవచ్చు. తాను రాసినదాంట్లో ఏది తప్పో, దాన్ని ఎలా మార్చాలో మాత్రం ఊహకు అందదు.

2011లో మీసేవ చిత్తూరు జిల్లాలో మొదలైనప్పుడు ఫారం నింపేది కౌంటరు అవతల కూర్చున్న ఆపరేటరు. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాక కూడా చాలా వరకు అదే పద్ధతి సాగింది. ఇంగ్లీషు సందేశం వచ్చినా దాన్ని చదివి, దరఖాస్తుదారుకు తెలుగులో చెప్పే మనిషి మధ్యలో ఉండేవాడు. ఇప్పుడు అదే ఫారం పలమనేరు రైతు చేతిలోని ఫోనులో, నగరి మరమగ్గాల కార్మికుడి ఇంట్లో తెరుచుకుంటోంది. మధ్యలోని మనిషిని తీసేసిన మనం, ఆయన చేస్తున్న అనువాదాన్ని సందేశంలోకి తేవడం మరిచాం.

ఇంగ్లీషు ఎక్కడి నుంచి వస్తోందో ముందుగా చూద్దాం. ఒక ఫారానికి ఎర్రర్ సందేశాలు కనీసం నాలుగు చోట్ల నుంచి వస్తాయి: బ్రౌజర్, పేజీలో మనం రాసిన జావాస్క్రిప్ట్, సర్వర్‌లోని ఫ్రేమ్‌వర్క్ (ముందే తయారై ఉన్న కోడ్ చట్రం), ఆ వెనకనున్న డేటాబేస్ లేదా మరో సంస్థ ఏపీఐ (వారి వ్యవస్థతో మన ఫారం మాట్లాడే దారి). అనువాదానికి వెళ్లే షీట్‌లో సాధారణంగా రెండోదాని వాక్యాలే ఉంటాయి. మిగిలిన మూడూ ఎవరి లెక్కలోకీ రావు.

వీటిలో అందరూ మరిచిపోయేది బ్రౌజర్‌ను. హెచ్‌టీఎంఎల్ గడికి ‘రిక్వైర్డ్’ అనో, ‘ప్యాటర్న్’ అనో గుణం పెట్టి వదిలేస్తే, ఖాళీగా ఉన్నప్పుడు గడి కింద బుడగలా కనిపించే వాక్యం బ్రౌజర్ సొంతది. అది మన పేజీ ఏ భాషలో ఉందో పట్టించుకోదు. పేజీకి భాష తెలుగు అని కోడ్‌లో స్పష్టంగా రాసినా సరే, బ్రౌజర్ తన మెనూలు ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే మాట్లాడుతుంది. తిరుపతి బస్టాండు పరిసరాల్లోని నెట్ సెంటర్లలో కంప్యూటర్లన్నీ ఇంగ్లీషులోనే అమర్చి ఉంటాయి కనుక అక్కడ ఇంగ్లీషు వస్తుంది. తమిళ సరిహద్దు గ్రామంలో ఎవరైనా ఫోనును తమిళంలో పెట్టుకుని ఉంటే తెలుగు పేజీ మీద తమిళ బుడగ లేస్తుంది. దీనికి మందు ఎప్పటినుంచో ఉంది. ‘సెట్‌కస్టమ్‌వాలిడిటీ’ అనే ఫంక్షన్‌తో మన వాక్యాన్ని మనమే ఇవ్వవచ్చు. గడి ఖాళీగా ఉందా, నమూనాకు సరిపోలేదా, పరిమితి దాటిందా అన్నది ‘వాలిడిటీ’ ఆబ్జెక్టు విడివిడిగా చెబుతుంది కాబట్టి ఒక్కోదానికి ఒక్కో వాక్యం ఇవ్వడం కూడా కష్టం కాదు. ఒక్క జాగ్రత్త అవసరం: వాడుకరి తిరిగి టైపు చేయగానే ఆ సందేశాన్ని ఖాళీ వాక్యంతో తుడిచేయాలి. తుడవకపోతే గడిలో సరైన విలువ రాసినా బ్రౌజర్ దాన్ని ఇంకా తప్పుగానే లెక్కిస్తుంది, ఫారం కదలదు. ఈ తంటా అంతా ఎందుకనుకుంటే ఫారానికి బ్రౌజర్ తనిఖీని ఆపే ‘నోవాలిడేట్’ గుణం పెట్టి, సందేశాలన్నీ మన కోడ్ నుంచే చూపడం మరింత శుభ్రమైన దారి. నేను దానికే మొగ్గుతాను, ఎందుకంటే బ్రౌజర్ బుడగ కాసేపటికి మాయమవుతుంది, గడి కింద మనం రాసిన వాక్యం సరిదిద్దేదాకా నిలిచి ఉంటుంది.

సర్వర్ వైపు ప్రముఖ ఫ్రేమ్‌వర్కులు సందేశాలను వేరే ఫైళ్లలో పెట్టుకునే ఏర్పాటుతోనే వస్తాయి. జాంగోలో పీఓ ఫైళ్లు, లారావెల్‌లో వాలిడేషన్ ఫైలు, రైల్స్‌లో వైఎంఎల్ ఫైళ్లు, జావాలో ప్రాపర్టీస్ ఫైళ్లు ఉన్నాయి. కనుక సౌకర్యం లేదనే మాట చెల్లదు. పొరపాట్లు జరిగేది వాడకంలో. జాంగోలో ఫారం క్లాసు లోపల సందేశానికి ‘గెట్‌టెక్స్ట్’ వాడితే, ఆ ఫైలు లోడ్ అయిన క్షణంలోనే అనువాదం జరిగిపోయి, సర్వర్ తిరిగి మొదలయ్యేదాకా ఆ ఒక్క భాషలోనే అతుక్కుపోతుంది. అక్కడ వాడవలసింది, సందేశాన్ని చూపే క్షణంలో అనువదించే ‘గెట్‌టెక్స్ట్ లేజీ’. లారావెల్‌లో వాక్యాలను తెలుగు చేసి, అదే ఫైలు చివరనున్న గడుల పేర్ల పట్టికను ఖాళీగా వదిలేస్తే, కోడ్‌లోని వేరియబుల్ పేరునే అండర్‌స్కోర్ తీసేసి వాక్యంలో పెడుతుంది. అప్పుడు తెలుగు వాక్యం నడుమ ‘డేట్ ఆఫ్ బర్త్’ అని ఇంగ్లీషు అక్షరాల్లోనే వస్తుంది. పాత జావా ప్రాజెక్టుల్లో ప్రాపర్టీస్ ఫైలులో తెలుగును నేరుగా రాస్తే చెత్త అక్షరాలుగా మారేది. 2017లో వచ్చిన జావా 9 నుంచి ఆ ఫైళ్లను అన్ని భాషల అక్షరాలకూ సరిపోయే యూటీఎఫ్-8 పద్ధతిలో చదువుతున్నారు కాబట్టి ఇకపై ఆ సాకు కూడా లేదు.

మరో సంగతి: వాడుకరి పేజీలో తెలుగును ఎంచుకున్నా, వెనక నుంచి సర్వర్‌కు వెళ్లే ప్రతి అభ్యర్థనలో బ్రౌజర్ తన సొంత భాషనే చెప్పుకుంటుంది. సర్వర్ దాన్ని నమ్మి ఇంగ్లీషులో జవాబిస్తుంది. వాడుకరి ఎంచుకున్న భాషను ప్రతి అభ్యర్థనతో పాటు పంపవలసింది మనమే.

ఇక అసలు చిక్కు దగ్గరకు వస్తాను. అనువాదకుల చేతికి వచ్చే వాక్యాల్లో సగానికి సగం నిండు వాక్యాలు కావు, ముక్కలు. గడి పేరు వచ్చే చోట ఒక ఖాళీ, సంఖ్య వచ్చే చోట ఇంకో ఖాళీ ఉంటాయి. ఇంగ్లీషులో ఆ ఖాళీలో ఏ మాట పడినా దాని రూపం మారదు. తెలుగులో విభక్తి మాటకు అంటుకుంటుంది, అంటుకుంటూ మాటనే మార్చేస్తుంది. ఖాళీ పక్కన ‘ను’ తగిలించి ‘నమోదు చేయండి’ అని రాస్తే, ‘పేరును నమోదు చేయండి’ అన్నది బాగానే ఉంటుంది. అదే ఖాళీలో పుట్టిన తేదీ పడితే ‘తేదీను’ అవుతుంది, ‘తేదీని’ కావలసిన చోట. మండలం పడితే ‘మండలంను’ అవుతుంది, ‘మండలాన్ని’ కావలసిన చోట. మన ఫారాల్లో గడుల పేర్లు ఎక్కువగా సున్నాతో ముగిసేవే: మండలం, గ్రామం, కులం, ఆదాయం, సంతకం. అంటే ఒక్క ప్రత్యయాన్ని ఖాళీకి అంటించడం వల్ల ఫారంలో అధిక భాగం తప్పు తెలుగు అవుతుంది. ‘ఊరు’ను ‘ఊరిని’ చేయడం, ‘ఇల్లు’ను ‘ఇంటిని’ చేయడం అలాంటి ఏ ఖాళీకీ (ప్లేస్‌హోల్డర్‌కూ) చేతకాదు.

సంఖ్యలకూ ఇదే బాధ. ఖాళీలో 10 పడితే ‘పదికి’ అని చదవాలి, 6 పడితే ‘ఆరుకు’ అని చదవాలి. అంకెకు ‘కి’ అంటించి పెడితే రెండింట్లో ఒకటి తప్పుతుంది. ఏకవచన, బహువచనాలు కూడా క్రియదాకా పాకుతాయి: ‘1 ఫైలు ఎక్కువగా ఉంది’, ‘3 ఫైళ్లు ఎక్కువగా ఉన్నాయి’. ప్రపంచ లిపులకు కంప్యూటర్ సంకేతాలు నిర్ణయించే యూనికోడ్ వారి సీఎల్‌డీఆర్ (భాషల పద్ధతుల భండారం) సమాచారంలో తెలుగుకు ఒకటి, ఇతరం అని రెండు వర్గాలు ఉన్నాయి, వస్తువులకు అవి సరిపోతాయి. మనుషుల దగ్గరకు వచ్చేసరికి చాలవు. దర్శనానికో బసకో కుటుంబం పేర్లు నమోదు చేసే ఫారాలు తిరుపతిలో ఎన్ని ఉంటాయో చెప్పనక్కరలేదు. అలాంటి ఫారంలో ‘కనీసం 2 సభ్యులు’ అని చదివితే మనుషులను సామాన్లలా లెక్కపెట్టినట్టు ఉంటుంది. ఐసీయూ మెసేజ్‌ఫార్మాట్ అనే వాక్య నమూనా పద్ధతిలో ఒకటికి ‘ఒకరు’, రెండుకు ‘ఇద్దరు’, మూడుకు ‘ముగ్గురు’, ఇలా ‘ఏడుగురు’ దాకా, ఆపైన ‘మంది’ అని ఒక్కో సంఖ్యకు విడిగా రాసే వీలుంది. కోడ్ రాసేవాడు ఆ వాక్యాన్ని మెసేజ్‌ఫార్మాట్‌లో పెడితేనే అనువాదకుడు ఆ వీలును వాడుకోగలడు. అంకెను, వాక్యాన్ని ప్లస్ గుర్తుతో అతికిస్తే ఎంత గొప్ప అనువాదకుడైనా చేయగలిగింది ఏమీ ఉండదు.

దీనికి పరిష్కారాలు రెండు. మొదటిది, ప్రత్యయాన్ని ఖాళీకి కాక, వాక్యంలో మారని మాటకు అంటించడం. ‘మండలం’ గడిని నింపండి, ‘పుట్టిన తేదీ’ గడిని నింపండి అని రాస్తే ఖాళీలో ఏం పడినా వ్యాకరణం చెడదు. అలాగే ‘18 ఏళ్లకు తక్కువ ఉండకూడదు’, ‘6 అంకెలకు మించకూడదు’ అని సంఖ్యకూ ప్రత్యయానికీ మధ్య ఒక నామవాచకాన్ని నిలపాలి. గడి పేరు కర్తగా వచ్చేలా ‘మండలం ఖాళీగా ఉంది’ అన్నా సరిపోతుంది. రైల్స్‌లో గడి పేరు ముందు, సందేశం తరువాత వచ్చే పద్ధతి అనుకోకుండా తెలుగు వాక్యక్రమానికి చక్కగా కుదురుతుంది కూడా. రెండోది, ముఖ్యమైన ప్రతి గడికీ దాని సొంత నిండు వాక్యం రాయడం. నా మాట అడిగితే రెండోదే మేలు. మొదటిది వ్యాకరణాన్ని కాపాడుతుంది, కానీ గడిలో ఏం రాయాలో చెప్పదు. ఇరవై గడుల ఫారానికి నలభై, యాభై వాక్యాలు అవుతాయి. ఆ ఫారాన్ని నింపబోయే వేల మంది సమయం ముందు ఆ శ్రమ ఏపాటిది?

నిండు వాక్యం రాయడానికి కూర్చున్నప్పుడే నియమంలోని లోపాలూ బయటపడతాయి. నేను నియమం రాసే రోజునే వాక్యం కూడా రాయమనడానికి అసలు కారణం ఇదే. పేరు గడిని తీసుకోండి. ఇంగ్లీషు ఏ నుంచి జెడ్ దాకా ఉన్న అక్షరాలనే అనుమతించే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనా) పెట్టి, దానికి ‘పేరు చెల్లదు’ అని సందేశం ఇస్తే, తన పేరును తెలుగులో రాసిన మనిషికి తన పేరే చెల్లదని చెప్పినట్టవుతుంది. నిజంగా ఇంగ్లీషు అక్షరాలే కావాలంటే ‘మీ పేరును ఆధార్ కార్డులో ఉన్నట్టుగా ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి’ అనాలి. తెలుగునూ అనుమతించాలనుకుంటే నియమాన్ని మార్చాలి, అక్కడా ఒక గొయ్యి ఉంది. యూనికోడ్‌లో ‘అక్షరం’ అనే వర్గాన్ని మాత్రమే అనుమతిస్తే గుణింతపు గుర్తులు, పొల్లు అందులోకి రావు, ఎందుకంటే అవి ‘మార్క్’ అనే వేరే వర్గానికి చెందుతాయి. ఆ నియమం ‘కమల’ను ఒప్పుకుంటుంది, ‘రాము’ను తోసిపుచ్చుతుంది. పైథాన్‌లో ‘ఈజ్ఆల్ఫా’ ఫంక్షన్ కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. రెండు వర్గాలనూ కలిపి అనుమతించాలి, పదం మధ్యలో పొల్లును విడిగా నిలిపే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని గుర్తును కూడా మరవకూడదు.

ఇంటిపేరు సంగతి మన ప్రాంతంలో మరీ చిత్రం. తెలుగువారికి ఇంటిపేరు ముందు, పేరు తరువాత. ఫారంలో ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ అంటే ఏది ఎక్కడ రాయాలో తెలియదు. పైగా తమిళనాడును ఆనుకుని ఉన్న చిత్తూరు, నగరి, కుప్పం వైపు ఇంటిపేరుకు బదులు తండ్రి పేరులోని మొదటి అక్షరాన్నే ఇనిషియల్‌గా పెట్టుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. కార్డులన్నింట్లో ఆ ఒక్క అక్షరమే ఉంటుంది. అలాంటివారికి ‘లాస్ట్ నేమ్ కనీసం 3 అక్షరాలు ఉండాలి’ అన్న సందేశాన్ని ఎంత అందమైన తెలుగులో చెప్పినా ప్రయోజనం లేదు. అక్కడ తప్పు నియమానిది, వాక్యానిది కాదు. ఆ అక్షరాన్నే మూడుసార్లు కొట్టి ముందుకు పోయేవారు ఉన్నారు. ఆ తరువాత మరో శాఖలో పేర్లు సరిపోలడం లేదని దరఖాస్తు తిరిగివస్తుంది.

అక్షరాల లెక్క గురించి కూడా కొంచెం ఓపికగా వినమని కోరుతున్నాను. ‘10 అక్షరాలకు మించకూడదు’ అన్నది చూడటానికి అతి సులువైన సందేశం. శ్రీకాళహస్తి అనే మాటలో ఎన్ని అక్షరాలు? పలకా బలపం పట్టినవాడు ఎవరైనా శ్రీ, కా, ళ, హ, స్తి అని వేళ్ల మీద లెక్కపెట్టి ఐదు అంటాడు. జావాస్క్రిప్ట్ పన్నెండు అంటుంది, ఎందుకంటే అది హల్లును, పొల్లును, గుణింతపు గుర్తును వేరువేరుగా లెక్కిస్తుంది. యూటీఎఫ్-8 బైట్లలో పరిమితి పెట్టిన డేటాబేస్ 36 అంటుంది. కనుక ఐదు అక్షరాల ఊరి పేరు రాసిన మనిషికి పది దాటిందని చెప్పడం ఆయన దృష్టిలో పచ్చి అబద్ధం. ‘మ్యాక్స్‌లెంగ్త్’ గుణం వాడితే ఆ అబద్ధం కూడా చెప్పదు, టైపు చేస్తుంటే అక్షరాలు పడటం ఆగిపోతుంది, అంతే. వేరేచోట నుంచి తెచ్చి అతికించిన మాట అయితే మధ్యలో తెగి, చివర పొల్లు వేలాడుతూ మిగలవచ్చు. కంటికి కనిపించే అక్షరాలను లెక్కించడానికి జావాస్క్రిప్ట్‌లో ‘ఇంటల్ సెగ్మెంటర్’ (Intl.Segmenter) ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచి తెలుగు సంయుక్తాక్షరాలను కూడా విడగొట్టకుండా ఒకే ముక్కగా లెక్కించే నియమం చేరింది. అయితే అన్ని ఫోనుల్లోని బ్రౌజర్లూ అంత కొత్తవి కావు. అందువల్ల తెలుగు రాసే గడులకు డేటాబేస్‌లో చోటు ఉదారంగా ఇవ్వండి. పరిమితి తప్పనిసరైతే, సంఖ్యను ప్రకటించే బదులు ‘ఈ వివరం పొడవు ఎక్కువైంది, కొంత తగ్గించండి’ అని చెప్పి, ఎక్కడిదాకా సరిపోతుందో గడిలోనే గుర్తు పెట్టి చూపండి.

సందేశంలో ఏం ఉండాలన్న విషయంలో బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మంచి ఉదాహరణ. అందులో మొత్తం 11 స్థానాలు ఉంటాయి, మొదటి నాలుగూ అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. పాస్‌బుక్కు చూసి రాసేవారు ఆ సున్నాను ‘ఓ’ అక్షరంగా కొట్టడం చాలా మామూలు. కోడ్ ఆ సంగతిని ఒక్క పోలికతో పట్టుకోగలదు. అయినా మనం చూపేది ‘చెల్లని ఐఎఫ్ఎస్‌సీ’ అనే. ‘ఐదో స్థానంలో ఓ అక్షరం ఉంది, అక్కడ సున్నా ఉండాలి’ అని చూపితే మనిషి క్షణంలో సరిదిద్దుకుంటాడు. ఆధార్ సంఖ్య విషయమూ అంతే. అందులో 12 అంకెలు ఉంటాయి, చివరిది వెర్‌హాఫ్ పద్ధతిలో లెక్కగట్టిన సరిచూపు అంకె. 11 అంకెలే రాసినవారికి ‘ఒక అంకె తక్కువైంది’ అని, 12 రాసినా సరిచూపు కుదరనివారికి ‘ఏదో ఒక అంకె తప్పుపడింది లేదా రెండు అంకెలు తారుమారయ్యాయి, కార్డుతో పోల్చి చూడండి’ అని వేరువేరుగా చెప్పాలి. రెండింటికీ ఒకే వాక్యం చూపడం మన బద్ధకమే.

జిల్లాల సంగతీ చూడండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. శ్రీకాళహస్తి చిత్తూరు జిల్లా నుంచి, సూళ్లూరుపేట నెల్లూరు జిల్లా నుంచి అందులో కలిశాయి. చాలామంది కార్డుల్లో, పాసుపుస్తకాల్లో పాత జిల్లా పేరే ఉంది. వారు కార్డు చూసి నెల్లూరు అని ఎంచుకుంటే, ఫారం ‘జిల్లా, మండలం సరిపోలడం లేదు’ అంటుంది. కార్డులో ఉన్నదే రాశాను కదా అని వారు మళ్లీ అదే ఎంచుకుంటారు. ‘సూళ్లూరుపేట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది, మీ కార్డులో నెల్లూరు అని ఉన్నా ఇక్కడ తిరుపతిని ఎంచుకోండి’ అని చెప్పడానికి కావలసిన సమాచారమంతా ఫారం దగ్గర ఉంది. ఇలాంటి వాక్యాన్ని ఎక్కడో కూర్చున్న అనువాదకుడు ఇంగ్లీషు ముక్క నుంచి పుట్టించలేడు. ఈ ఊళ్లు తెలిసినవారు, నియమాన్ని రాసినవారు కలిసి కూర్చుంటేనే అది వస్తుంది.

కోడ్ అమరిక విషయంలో నా సలహా చిన్నదే. సర్వర్ వాక్యాన్ని పంపకూడదు, ఏ గడిలో ఏ నియమం తప్పిందో తెలిపే చిన్న గుర్తింపు కోడ్‌ను, దానికి కావలసిన విలువలను పంపాలి. వాక్యాన్ని తెర దగ్గర, వాడుకరి భాషలో కూర్చాలి. పేజీ మధ్యలో భాష మార్చినప్పుడు అప్పటికే కనిపిస్తున్న ఎర్ర వాక్యాలు పాత భాషలోనే మిగిలిపోవడానికి కారణం, కోడ్‌కు బదులు వాక్యాన్నే దాచుకోవడం. సర్వర్ రాసిపెట్టుకునే లాగ్‌లలో ఆ కోడ్ ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి ఇతర రాష్ట్రాల్లోని మీ సహోద్యోగులకు ఇబ్బంది కలగదు. తెలుగు వాక్యం లేని కోడ్ ఒక్కటి ఉన్నా బిల్డ్ (కోడ్‌ను విడుదలకు సిద్ధం చేసే దశ) ఆగిపోయేలా పరీక్ష రాయండి. డేటాబేస్ నుంచో బయటి ఏపీఐ నుంచో వచ్చిన ఇంగ్లీషు వాక్యం ఏ కోడ్‌లోనూ ఇమడకపోతే, దాన్ని యథాతథంగా తెర మీద పోయకుండా, ‘ఇది మా వైపు ఇబ్బంది, మీరు నింపిన వివరాల్లో తప్పు లేదు’ అని తెలుగులో చెప్పండి. ఎర్ర వాక్యం కనిపించగానే తప్పు తనదే అనుకునేవారు మన దగ్గర ఎక్కువ.

కంటిచూపు లేనివారి గురించి కూడా ఒక మాట. పేజీ భాష ఇంగ్లీషు అని కోడ్‌లో ఉండి, సందేశం తెలుగులో ఉంటే, స్క్రీన్ రీడర్ ఆ తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోయి మింగేయవచ్చు. సందేశం ఉన్న చోట భాష తెలుగు అని గుర్తు పెట్టాలి, దాన్ని దాని గడితో ముడిపెట్టాలి. ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం 2023లో వచ్చిన జీఐజీడబ్ల్యూ 3.0 మార్గదర్శకాలు వెబ్ పేజీలు వైకల్యం ఉన్నవారికీ అందాలనే డబ్ల్యూసీఏజీ 2.1 అంతర్జాతీయ ప్రమాణాలను అనుసరిస్తాయి. తప్పు ఏ గడిలో ఉందో మాటల్లో చెప్పాలని, సరిదిద్దే దారి తెలిసినప్పుడు దాన్నీ సూచించాలని ఆ ప్రమాణాల్లో ఉంది. కాబట్టి నేను అడుగుతున్నది కొత్త కోరిక కాదు. కంటిచూపు ఉన్నవారి కోసం కూడా ఒకటుంది: ఇంగ్లీషుకు సరిపోయేలా ఎత్తు బిగించిన పెట్టెలో తెలుగు వాక్యం పెడితే కింది ఒత్తులు తెగిపోతాయి. ఎత్తును వాక్యానికి వదిలేయండి.

ఖర్చు పెరుగుతుందని కొందరు అంటారు. యంత్రానువాదం ఉండగా ఇంత శ్రమ ఎందుకని ఇంకొందరు అంటారు. యంత్రం నిండు వాక్యాన్ని ఓ మోస్తరుగా తెలుగు చేస్తుంది, ఆ మాట ఒప్పుకోవలసిందే. ‘చెల్లని విలువ’ అనే వాక్యం వెనక ఉన్నది సున్నా, ఓ తేడానా, పాత జిల్లా పేరా అన్నది మాత్రం దానికి ఎలా తెలుస్తుంది? ఇంగ్లీషులోనే లేని సమాచారాన్ని ఏ అనువాదమూ తేలేదు. ఇక కుప్పంలో తమిళం, కన్నడం మాట్లాడేవారూ ఉన్నారు కదా, వారి సంగతేమిటన్నది న్యాయమైన ప్రశ్న. తెలుగు కోసం సందేశాలను కోడ్‌లుగా విడదీసి, నిండు వాక్యాలుగా రాసుకున్న ఫారానికి మరో భాషను చేర్చడం అంటే ఇంకొక ఫైలును చేర్చడమే.

అధికారులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. రాష్ట్రంలో తెలుగును అధికార భాషగా నిలిపిన చట్టం 1966 నాటిది. టెండరు పత్రాల్లో ‘వెబ్‌సైటు తెలుగులోనూ ఉండాలి’ అనే వాక్యం కూడా తరచూ ఉంటుంది. ఆ వాక్యానికి ‘బ్రౌజర్, సర్వర్ నుంచి వచ్చేవాటితో సహా అన్ని ఎర్రర్ సందేశాలూ’ అనే మాటలు చేర్చండి. డెమో రోజున ఫారాన్ని సరిగ్గా నింపి చూపిస్తారు, చప్పట్లు కొడతారు, ఆమోదం అయిపోతుంది. దానికి బదులు ఫారాన్ని మీ చేతుల్లోకి తీసుకుని, తప్పుగా నింపండి. ఖాళీగా వదిలి నొక్కండి, పిన్‌కోడ్‌లో ఐదు అంకెలే రాయండి, పుట్టిన తేదీగా రేపటి తేదీ ఇవ్వండి, పెద్ద ఫోటోను ఎక్కించండి. ఇంగ్లీషు రాని మీ ఆఫీసు అటెండరును పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి ఎర్ర వాక్యాన్నీ ఆయన చేత చదివించి, ఇప్పుడు ఏం చేయాలో చెప్పమనండి. ఆయన చెప్పలేకపోయిన ప్రతి వాక్యాన్నీ రాసి పెట్టుకుని, అవన్నీ సరిదిద్దాకే బిల్లు మీద సంతకం చేయండి.

డెవలపర్ మిత్రులకు నా వంతుగా ఒకటి ఇవ్వగలను. ఆధార్, పిన్‌కోడ్, మొబైల్ నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, పుట్టిన తేదీ, ఫైలు సైజు వంటి అందరికీ ఎదురయ్యే గడులకు, నియమం వారీగా నేను రాసుకున్న తెలుగు వాక్యాలను జేసన్, పీఓ ఫైళ్లుగా ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేస్తాను. అందులో నా చిత్తూరు యాస ఎక్కడైనా తొంగిచూస్తే శ్రీకాకుళం వారు, ఖమ్మం వారు మొహమాటపడకుండా దిద్దాలి. మీ ఫారాల్లో ప్రత్యేకంగా ఉండే నియమాలకు వాక్యాలు మాత్రం మీరే రాసి చేర్చాలి, ఎందుకంటే ఆ నియమాలు ఎందుకు పెట్టారో తెలిసినవారు మీరే.

ఇట్లు,
ఒక వెబ్ డెవలపర్,
తిరుపతి.